ఊరి గడపలోనే బీపీకి కళ్లెం!

నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఒంట్లో ఏమీ లేనట్టే ఉంటుంది. లోలోపల మాత్రం రక్తనాళాల్ని దెబ్బతీస్తూనే ఉంటుంది అధిక రక్తపోటు. పెద్దాసుపత్రి దరిదాపుల్లో లేని పల్లెల్లో దాన్ని అదుపుచేసేదెవరు?

'నాకేం... బాగానే ఉన్నాగా. మాత్రలెందుకు?' బీపీ ఉందని చెబితే చాలామంది అనే మాట ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం మనదేశంలో 30-79 ఏళ్లవారిలో సుమారు 18.8 కోట్లమందికి అధిక రక్తపోటు ఉంది. వారిలో సగానికిపైగా ఆ సంగతే తెలియనివారు. తెలిసినవారికైనా తిప్పలే. బస్సు సరిగా లేని ఊరినుంచి ఆరోగ్యకేంద్రానికి వెళ్లిరావాలంటే ఆరోజు కూలి పోయినట్టే. మాత్రలు అయిపోతాయి, మళ్లీ తెచ్చుకోరు. పక్షవాతమో గుండెపోటో వస్తేగానీ బీపీ గుర్తురాదు.

టేపుతో మొదలు

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తోపాటే వచ్చారు ఆశా కార్యకర్తలు. సుమారు వెయ్యిమంది జనాభాకి ఒకరు. మొదట్లో కాన్పులూ టీకాలూ వాళ్ల పని. ఇప్పుడు బీపీ, షుగర్లూ చేరాయి. 30 ఏళ్లు దాటినవారి ఇంటికెళ్లి పొగాకు, మద్యం అలవాట్లు అడుగుతారు. నడుం చుట్టుకొలత చూస్తారు. అనుమానం ఉంటే పరీక్షకు పంపుతారు. మందు రాయాల్సింది మాత్రం డాక్టరే.

పశ్చిమగోదావరి పాఠం

ఆశాల చేతికి ట్యాబ్ ఇస్తే? అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల పరిధిలో పరిశోధకులు ఆ ప్రయత్నమే చేశారు. 40 ఏళ్లు దాటిన 62 వేలమందికి పైగా పరీక్షించారు. ఎవరికి ముప్పు ఎక్కువో ట్యాబ్ లెక్కగట్టి చెప్పేది. ఆశాలు ఆ పని చక్కగా చేశారు. తీరా 2019లో ఫలితాలు వచ్చేసరికి... బీపీ అదుపులో పెద్ద తేడా కనిపించలేదు! ముప్పు కనిపెట్టడం ఒక్కటే సరిపోదనీ, వెనక డాక్టరూ, ఆగకుండా మాత్రలూ ఉండాలనీ తేలింది.

మందు దొరికితే...

అవి ఉంటే ఏమవుతుందో చైనా చూపించింది. అక్కడ 326 గ్రామాల్లో దాదాపు 34 వేలమందితో అధ్యయనం జరిగింది. సగం ఊళ్లలో స్థానిక గ్రామవైద్యులకు శిక్షణనిచ్చి, పైడాక్టర్ల పర్యవేక్షణలో మందుల మోతాదు మార్చే అధికారం ఇచ్చారు. మందులు ఉచితంగానో తక్కువ ధరకో అందించారు. ఇంట్లో చూసుకునేందుకు బీపీ మిషన్లూ ఇచ్చారు. 18 నెలల్లో ఆ ఊళ్లలో 57 శాతం మందికి బీపీ 130/80 కన్నా తగ్గింది. మిగతా ఊళ్లలో 20 శాతం మందికే. మూడేళ్లకి గుండెజబ్బులూ పక్షవాతం మూడోవంతు తగ్గాయి!

మనదగ్గరా అలాంటి అడుగు పడింది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే తేలికైన చికిత్సాపద్ధతి, ఇంటికి దగ్గర్లోనే మందులు... ఇవే దాని సూత్రాలు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు దక్కింది.

ఈసారి ఆశా కార్యకర్త టేపు పట్టుకుని మీ ఇంటికొస్తే 'తర్వాత రామ్మా' అనకండి. రెండుమూడుసార్లు చూసినా 140/90 లేదా అంతకుమించి ఉంటే డాక్టర్ని కలవండి. ఉప్పు రోజుకి చెంచాకన్నా తక్కువే వాడండి. పచ్చళ్లూ, అప్పడాల్లోని ఉప్పూ ఆ లెక్కలోకే వస్తుంది. బీపీ తగ్గిందని మాత్రలు మాత్రం సొంతంగా మానేయొద్దు. తగ్గింది వాటివల్లే మరి!