వానల్లో ఇల్లు మారేవారికి

పరదరామి, గుడియాత్తం వైపు నుంచి ఉద్యోగాలకో, పిల్లల చదువులకో వేలూరు చేరి అద్దె ఇళ్ళలో ఉంటున్న మనవాళ్ళకు ఒక చిక్కుంది. వేసవి సెలవులు దాటిపోతే ఇల్లు మారడానికి నెల దొరకదు. ఆషాఢంలో మనం మారం. ఆడి నెలలో ఇంటి యజమాని తాళం ఇవ్వడు. రెండూ ఒకటే అనుకునేవారున్నారు, కాదు. మనది చాంద్రమానం, వారిది సౌరమానం. ఆషాఢం ఎక్కువగా జూన్ చివరిలోనో జూలై మొదట్లోనో వస్తుంది. ఆడి పోయేది ఆగస్టు నడుమకు గాని కాదు. రెండు పంచాంగాలకూ తలవంచితే చాలా ఏళ్ళు నెలన్నర పైనే పోతుంది. పురట్టాసి వద్దంటారు. మార్గళి సరేసరి. ఇక మిగిలేవి ఆవణి, ఐప్పసి, కార్తిగై. సరిగ్గా వానలు కురిసే రోజులే!

వేలూరుకు ఎండల ఊరని పేరు. కాని తూర్పున కొండలు, ఉత్తరాన పాలారు ఉన్న ఊరు ఇది. కొండవాలు మీదికి ఎక్కిన వీధుల్లో వాన పడితే నీళ్ళు మెట్ల మీదుగానే దిగుతాయి. అందుకే నా మాట ఒకటి వినండి. అద్దె ఇంటిని ఎండలో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. వాన కురుస్తున్నప్పుడు గొడుగేసుకుని వెళ్ళి చూడండి. కొండవైపు గోడ మీద అరచెయ్యి పెడితే చెమ్మ తెలుస్తుంది. గోడ అలమర తలుపు తీసి వాసన చూడండి. కొత్త సున్నం గోడ అడుగున మూరెడు ఎత్తు వరకే వేసి ఉంటే, ఎందుకు వేశారో పక్కింటావిడను అడగండి. యజమాని చెప్పనిది ఆవిడ చెబుతుంది. వాననీరు ఇంటి ముందు నుంచి ఎటు పోతోందో కూడా చూడాలి.

ఇది ఉత్త భయం కాదు. 2021 నవంబరులో మోర్దానా ఆనకట్ట పొంగి కౌండిన్య నదికి వరద వచ్చినప్పుడు గుడియాత్తంలో ఒడ్డున ఉన్న కుటుంబాలు ఉన్నపళంగా ఇళ్ళు విడిచాయి. వారికి నెలా లేదు, ముహూర్తమూ లేదు. అదే నెల 19న పేర్నంబట్టులో వానకు నానిన ఇల్లు కూలి నలుగురు పిల్లలతో సహా తొమ్మిదిమంది చనిపోయారు. అద్దె అయిదువందలు తక్కువని నానిన గోడల మధ్య చేరే ముందు ఆ సంగతి తలచుకోవాలి.

ఇక సామాను. అట్టపెట్టె తడిస్తే అడుగు ఊడుతుంది, గోనెసంచి నీళ్ళు పీలుస్తుంది. బియ్యం, పప్పులు ఎవర్‌సిల్వర్ డబ్బాల్లోనే ఉంచి మూతలకు గుడ్డ కట్టండి. దూది పరుపు తడిస్తే ఆ కాలంలో వారమైనా ఆరదు. దాన్ని ముందు ప్లాస్టిక్ కాగితంలో చుట్టండి. గ్రైండరు రాళ్ళు విడిగా తీసి మొయ్యాలి. ఊరగాయ జాడీ వ్యానులో వెయ్యకండి, ఒళ్ళో పెట్టుకోండి. సర్టిఫికెట్లు, రేషను కార్డు, మందుచీటీలు ఇంటావిడ చేతిసంచిలో ఉండాలి.

వ్యాను, అదే ఇక్కడివారు కుట్టి యానై అనే చిన్న బండి, కొండ వీధుల్లో ఇంటి గుమ్మం దాకా రాదు. ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి ఎన్ని మెట్లో ముందుగా లెక్కపెట్టి కూలివారికి చెప్పండి. చెప్పకపోతే బీరువా సగం మెట్ల మీద ఉండగా బేరం మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు తప్పు వారిదీ కాదు. బరువులన్నీ మెట్లు పొడిగా ఉండగానే ఎక్కించాలి. ఆవణిలో వాన ఎక్కువగా సాయంత్రమో రాత్రో ఉరుములతో పడుతుంది కాబట్టి తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నానికి పని తెమిలిపోతుంది. ఐప్పసి, కార్తిగైలలో అలా కుదరదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజులు ముసురే. చెన్నై వాతావరణ కేంద్రం సూచన చూసుకునే బండి మాట్లాడుకోండి.

మరి ముహూర్తం? దానికీ దారి ఉంది. పాలు పొంగించడానికి ముహూర్తం కావాలి, సామాను దించడానికి తెరపి కావాలి. రెండూ ఒకే రోజు కావాలని ఏ శాస్త్రమూ అనలేదు. మంచిరోజున దేవుడి పటం, దీపం, ఉప్పు, పసుపు, బియ్యం, పాలగిన్నె పట్టుకెళ్ళి పాలు పొంగించి రండి. బీరువాకు రాహుకాలం పట్టదు. వాన వెలిసిన రోజున వెళుతుంది. కాకపోతే పాత ఇంటి యజమానిని నాలుగు రోజుల గడువు ముందే అడిగి ఉంచుకోవాలి. తాళం ఇచ్చే రోజున ఇ.బి. మీటరు అంకె ఆయన ఎదుటే రాసుకోండి. కొత్త ఇంటి మీటరు అంకె కూడా మొదటి రోజే.