దిద్దుబాటుకూ ఒక హద్దు

పాత పుస్తకంలో ‘వాఁడు’ అని ఉంటే అరసున్న తీసివేయవచ్చునా? ‘గుఱ్ఱము’ను ‘గుర్రం’ చేయవచ్చునా? తెలుగు వికీసోర్సులో పాత గ్రంథాల అచ్చుతప్పులు దిద్దే ఔత్సాహికుల మధ్య తలెత్తే వాదాలు ఇటువంటివే.

2005లో మొదలైన ఈ ఉచిత గ్రంథాలయంలో ప్రధానంగా కాపీహక్కు తీరిన పుస్తకాలను ఉంచుతారు. రచయిత జీవితకాలంలో అచ్చయిన రచనలకు మన దేశంలో ఆయన మరణానంతరం 60 ఏళ్లకు ఆ హక్కు తీరుతుంది. పుట చిత్రంలోని రాతను కంప్యూటరే అక్షరాలుగా మారుస్తుంది. అయితే అచ్చు అరిగిన చోట ‘మ’ను ‘వు’గాను, ‘ప’ను ‘వ’గాను పొరబడుతుంది. అందుచేత మనిషి కన్ను తప్పదు.

ఈ పనికి జీతభత్యాలు లేవు. ఒకరు అసలు పుటను పక్కన పెట్టుకొని దిద్దితే దానికి పసుపు గుర్తు పడుతుంది. మరొకరు సరిచూచి ఒప్పుకుంటేనే ఆకుపచ్చ గుర్తు. తాము దిద్దిన పుటను తామే ఆమోదించుకునే వీలు లేదు.

పాత వర్ణక్రమం నేటి విద్యార్థికి అడ్డు అని కొందరి వాదన. దానిలో నిజం లేకపోలేదు. కాని ప్రతి ఉన్నది ఉన్నట్లు ఉండాలన్నదే వికీసోర్సు మూలసూత్రం. సులభ ప్రతి కావాలంటే వేరుగా తయారు చేసుకోవచ్చును. మూలాన్ని మార్చితే, ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకునే ఈ రోజులలో, మార్చినదే అసలుగా చలామణి అవుతుంది.

విజయనగరంలో 1892లో ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయినది. గురజాడ దానిని బాగా మార్చి, పెంచి 1909లో తిరిగి ప్రకటించారు. పాత్రల నోటి వాడుకను ఎవరైనా వ్యాకరణానికి సరిచేస్తే ఆ నాటకమే మిగలదు. అలాగే గ్రాంథికానికి కొలబద్దగా నిలిచిన చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) భాషను వాడుకలోకి దించరాదు. వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863-1940) ఏ భాషతో తలపడ్డారో తెలియాలంటే రెండు రకాల పుస్తకాలూ చెక్కుచెదరకుండా ఉండాలి.

అరసున్న, బండి ‘ఱ’ ఎక్కడ వస్తాయో తెలిసిన తరం తరిగిపోతున్నది. విశ్రాంత తెలుగు పండితులు రోజుకొక పుట సరిచూచినా ఈ పనికి ఎంతో బలం చేకూరుతుంది.