చక్కెర నుంచి ప్రీబయోటిక్ పిండిపదార్థాలు: ఈస్టు ఎంజైముల పాత్ర

హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ పరిసరాలు టోకు వ్యాపారానికి ప్రసిద్ధి. బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ దుకాణాలలో చక్కెర, బెల్లం బస్తాల లెక్కన అమ్ముడవుతాయి. వీటికి సమీపంలోనే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. చక్కెర వ్యాపారమూ, మధుమేహ చికిత్సా ఒకేచోట కనిపించే ఈ ప్రాంతంలో, అదే చక్కెర నుంచి పేగులకు మేలు చేసే పదార్థం తయారవుతుందన్న విషయం ఆసక్తి కలిగిస్తుంది.

చక్కెర అణువులో ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు కలిసి ఉంటాయి. ఈస్టులోని ఇన్వర్టేజు ఎంజైము ఈ బంధాన్ని తెంచి, ఫ్రక్టోజును నీటికి అప్పగిస్తుంది. అయితే ద్రావణంలో చక్కెర 50-60 శాతం ఉండి, నీరు తగ్గినప్పుడు కొన్ని ఎంజైములు ఫ్రక్టోజును మరొక చక్కెర అణువుకు జతచేస్తాయి. ఇలా మూడు యూనిట్ల కెస్టోజు, నాలుగు యూనిట్ల నిస్టోజు ఏర్పడతాయి. వీటినే ఫ్రక్టో ఆలిగోశాకరైడ్లు అంటారు. ఉల్లి, వెల్లుల్లి, అరటిపండులోనూ ఇవి సహజంగా ఉంటాయి.

రొట్టెల తయారీలో వాడే ఈస్టు వీటిని స్వల్పంగానే తయారుచేస్తుంది. ఈస్టును పోలిన ఆరియోబాసిడియం పుల్లులాన్స్ అనే శిలీంధ్రపు ఎంజైము ఇందుకు ఎక్కువ అనుకూలం. ఉదజని సూచిక 5-5.5, ఉష్ణోగ్రత 50-55 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది చక్కగా పనిచేస్తుంది.

ఈ పదార్థాలను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. అవి పెద్దపేగుకు చేరి, బిఫిడో బాక్టీరియాకు ఆహారమవుతాయి. అక్కడ ఏర్పడే చిన్న కొవ్వు ఆమ్లాలు పేగుగోడ కణాలకు శక్తినిస్తాయి. చక్కెరతో పోలిస్తే వీటి తీపి మూడోవంతు, శక్తి సుమారు సగం. మోతాదు మించితే కడుపు ఉబ్బరం కలుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫ్రక్టోజు బదిలీ అయిన ప్రతిసారీ ఒక గ్లూకోజు విడిగా మిగులుతుంది. అది పేరుకొని ఎంజైమును అడ్డగించడం వల్ల మార్పు సుమారు 55-60 శాతం వద్ద ఆగిపోతుంది. కాబట్టి శుద్ధిచేయని పాకంలో గ్లూకోజు, మారని చక్కెర రెండూ ఉంటాయి. మధుమేహులకు అది తగదు. గ్లూకోజును మాత్రమే తిని, ఆలిగోశాకరైడ్లను వదిలే ఈస్టులతో గానీ, వడపోత పద్ధతులతో గానీ దీనిని శుద్ధి చేయాలి.

చెరకు రసంలో చక్కెర సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది. అందువల్ల రసాన్ని ముందుగా చిక్కబరచి, 55 డిగ్రీలకు చల్లార్చిన తరువాతే ఎంజైము కలపాలి. మరిగే పాకంలో కలిపితే ఎంజైము నశిస్తుంది. ఇంటివద్ద చెరకు రసంలో బేకరీ ఈస్టు వేస్తే తయారయ్యేది మద్యమే కాని ప్రీబయోటిక్ కాదు. పులుపు పదార్థాలతో మరిగించినా ఈ ఆలిగోశాకరైడ్లు విడిపోతాయి.

కావున ఈ మార్గంలో విలువ జోడించదలచిన బెల్లం తయారీదారులు శుద్ధి, నాణ్యత పరీక్షల ఖర్చును ముందే లెక్కించుకోవాలి. వినియోగదారులు సీసాపై ప్రీబయోటిక్ అన్న పేరుతోపాటు, మిగిలివున్న చక్కెర శాతాన్నీ చూసి కొనాలి.