చదరంగపు గళ్ళలో పుట్టిన సంఖ్య

బోరబండకు తరువాతి రైలు స్టేషను హైటెక్ సిటీ. అక్కడి కార్యాలయములలోని కంప్యూటర్లకును, తొమ్మిదివందల ఏండ్లకు పూర్వపుదని ప్రసిద్ధినొందిన ఒక తెలుగు పద్యమునకును ఉమ్మడి సొత్తుగా ఒక సంఖ్య కలదు: 18446744073709551615.

చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఈ విధముగా రెట్టించుచు 64 గళ్ళును నింపినచో మొత్తము ఇన్ని గింజలగును. వేయి బియ్యపుగింజలు 20 గ్రాములు తూగుననుకొన్నచో, ఈ రాశి నేటి ప్రపంచపు పంట లెక్కన సుమారు 700 ఏండ్ల బియ్యము.

దీనిని పద్యమున ఇమిడ్చినవాడు పావులూరి మల్లన అని ప్రతీతి. అంకెకు మారుగా వస్తువు పేరు చెప్పుట పూర్వుల పద్ధతి. చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, మన్మథుని బాణములన్న అయిదు, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానమున మొదలిడి ఎడమకు వ్రాసికొనిపోవలెను. వ్రాయసగాడు ఒక మాట విడిచినచో ఛందస్సు చెడి తప్పు బయటపడును. కాని అదే కొలతగల వేరొక మాట పడినచో ఛందస్సు పట్టజాలదు. అప్పుడు గణితమే దిక్కు. అంకెలన్నియు కూడినచో 87 వచ్చును. అది మూడింట తెగును గనుక సంఖ్యయు తెగవలెను. ఒకటికి బదులు రెండు పడెనా, మొత్తము 88, దొంగ దొరకును. నాలుగు పడినచో ఈ పరీక్ష మోసపోవును; 17తో భాగించి చూడవలెను.

17 ఎక్కడిదందురా? 1, 2, 4 కూడగా 7. అది 8కి ఒకటి తక్కువ. అట్లే మన సంఖ్యయు ఒకటిని 64 మార్లు రెట్టించి, వచ్చినదానిలో ఒకటి తీసివేసినది. వర్గసంఖ్యలో ఒకటి తగ్గించినచో అది రెండుగా చీలును: 100లో ఒకటి పోగా 99, అనగా 9×11. ఆ తీరుననే చీల్చుచు పోగా 3, 5, 17, 257, 65537, 4294967297 లభించును. ఇట్టి సంఖ్యలన్నియు ప్రధానసంఖ్యలేయని ఫ్రాన్సు దేశపు ఫెర్మా తలచెను. మొదటి అయిదును నిజమే. ఆరవది 641×6700417 అని 1732లో ఆయిలరు తేల్చెను. అంత గొప్పవాని పొరపాటు మన మల్లన గింజలరాశిలో దాగియుండుట మాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

ఇక బోరబండ పొరుగున నున్న యంత్రముల మాట. నేటి కంప్యూటరు సాధారణముగా ఒక సంఖ్యను 64 స్థానములలో నిలుపును. ఒక్కొక్కదానిలో సున్నయో ఒకటియో ఉండును. చదరంగపు గళ్ళును అన్నియే! అన్నిటను ఒకట్లు నిండినప్పుడు వచ్చునది ఈ సంఖ్యయే. ఇంకొకటి కలుపుటకు 65వ స్థానము లేదు గనుక అన్నియు సున్నలగును. అయినను భయములేదు, సెకనుకు నూరుకోట్ల చొప్పున లెక్కించినను అచ్చటికి చేరుటకు 584 ఏండ్లు పట్టును. చిక్కు చిన్న పలకలతోనే. 1970 ఆరంభమునుండి గడచిన సెకన్లను 32 స్థానములలో లెక్కించు పాత ఏర్పాట్లు కలవు. అందొక స్థానము ఋణ ధన చిహ్నమునకు పోవును. వాటిని అంతలోపల 64 స్థానములకు మార్చనిచో, మన గడియారము ప్రకారము 2038 జనవరి 19 ఉదయము 8 గంటల 44 నిమిషములకు ఆ లెక్క నిండిపోయి, తేదీ 1901వ సంవత్సరమునకు వెనుదిరుగును.