అసురుడి కంటే ముందు ఆకలి

అమ్మవారి అవతారాలు అనగానే కళ్లముందు నిలిచేది మహిషాసురమర్దిని. సింహవాహనం, చేతుల నిండా ఆయుధాలు, పాదాల కింద రాక్షసుడు. దసరా పందిళ్లలోనూ ఆ రూపమే ఎక్కువ. దాంతో దేవి అవతరించేది దుష్టసంహారానికేనన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. పురాణం చెప్పేది మాత్రం అంతకంటే విశాలమైన సంగతి.

దుర్గా సప్తశతి అని మనం పారాయణ చేసే దేవీ మాహాత్మ్యం మార్కండేయ పురాణంలోని 13 అధ్యాయాల భాగం. శుంభ నిశుంభుల వధ ముగిశాక, 11వ అధ్యాయంలో, తాను ముందుముందు ఎత్తబోయే అవతారాలను దేవి తన నోటితోనే దేవతలకు చెబుతుంది. వాటిలో ఒకటి కరవుకాలపు అవతారం. నూరేళ్లు వాన చుక్క లేనప్పుడు మునులు వేడుకుంటే అయోనిజగా వస్తానంటుంది. నూరు కళ్లతో వాళ్లను చూస్తానని, మళ్లీ వానలు పడేదాకా తన దేహం నుంచి మొలిచిన శాకాలతో లోకాన్ని పోషిస్తానని మాట ఇస్తుంది. ఆ చూపుతో శతాక్షి, ఆ శాకాలతో శాకంభరి. దుర్గముడనే అసురుణ్ణి చంపి దుర్గ అనిపించుకోవడం ఆ తర్వాతి మాట.

దేవీ భాగవతం సప్తమ స్కంధంలో ఈ కథ ఇంకా విపులంగా ఉంది. దుర్గముడు బ్రహ్మ వరంతో వేదాలను చేజిక్కించుకుంటాడు. యజ్ఞాలు ఆగిపోతాయి, వానలు ఆగిపోతాయి, బావులూ నదులూ ఎండిపోతాయి. జనం అవస్థ చూసిన అమ్మ ముందు ఏడుస్తుంది. ఆ కన్నీళ్లే తొమ్మిది రాత్రులు వానై కురుస్తాయి. తర్వాత కాయగూరలు, పళ్లు తన చేత్తో పెడుతుంది. పశువులకు మేత కూడా మరిచిపోదు. ఈ సందడి దూతల ద్వారా విన్నాకే దుర్గముడు సైన్యంతో వచ్చిపడతాడు. అంటే అన్నం పెట్టడమే ఇక్కడ యుద్ధానికి కారణమైంది.

సప్తశతిలో యుద్ధాలే ఎక్కువ, శాకంభరికి దక్కినవి కొద్ది శ్లోకాలే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ దేవి తన రాకకు కారణాలు తానే చెప్పుకున్న చోట కరవునూ చేర్చిందంటే దాన్ని చిన్నదిగా చూడలేం. అసలు కరవుకు మూలం దుర్గముడే, అతణ్ణి చంపితే చాలదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. చంపక తప్పలేదు, వేదాలు తిరిగి రావాలి కాబట్టి. అయితే ఆకలితో ఉన్నవాడు ఆ గెలుపు దాకా ఆగలేడు. కథ క్రమంలోనే ఈ వివేకం ఉంది.

భక్తులు ఈ సంగతి ఎన్నడూ మరువలేదు. కర్ణాటకలో బాదామి దగ్గరి బనశంకరి శాకంభరీ రూపమే. మన దగ్గర ఆషాఢంలో బెజవాడ ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మకు, ఓరుగల్లులో భద్రకాళికి శాకంభరీ ఉత్సవాలు జరుగుతాయి. వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు, ఆకుకూరలు దండలై తోరణాలై మూలవిరాట్టు నుంచి ప్రాంగణం దాకా కమ్ముకుంటాయి. ఇంద్రకీలాద్రిపై ఆ కూరగాయలతోనే కదంబం వండి ప్రసాదంగా పంచుతారు. ఏరువాక సాగి, పంట ఇంకా చేతికి రాని నెల అది. వాన మీద ఆశ, దిగులు రెండూ ఉండే రోజుల్లో ఈ తల్లిని తలుచుకోవడం ఎంతో సముచితం. ఈసారి ఆషాఢంలో కొండెక్కేవారు ఒక్కసారి ఆ 11వ అధ్యాయాన్ని అర్థంతో సహా చదువుకుని వెళ్లండి.