తీగలేని కీబోర్డుకు ఒక పరీక్ష

పరీక్షలు మీకే కాదు, వస్తువులకు కూడా ఉంటాయి. కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ వేలితో కొట్టి చూస్తుంది. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తుంది. మరి కంప్యూటరు కీబోర్డును ఎలా పరీక్షించాలి?

విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి ద్వారకా నగర్‌లో మా బడికి తీగలేని కీబోర్డు ఒకటి కొన్నాం. దానికి కుడివైపున టచ్‌ప్యాడ్ ఉంది. దానిమీద వేలు జరిపితే తెరమీద బాణం గుర్తు కదులుతుంది. మా పదో తరగతిలో ఒక అమ్మాయి చేతికర్రల సాయంతో నడుస్తుంది. నల్లబల్ల దాకా రావడం ఆమెకు కష్టం. తన బెంచీ నుంచే తెరపై జవాబు రాయగలగాలని మా ఆశ. పిల్లలూ తల్లిదండ్రులూ తలా కొంచెం వేసుకున్న డబ్బుతో కొన్న వస్తువది.

తీరా మొదటిరోజు ఆ అమ్మాయి “అక్క” అని కొడితే తెరమీద “అకక” అని పడింది. తరగతి గొల్లుమంది. ఆమె కీబోర్డును పక్కకు నెట్టేసింది. “పాడు సరుకు, తిరిగి ఇచ్చేద్దాం” అన్నారు పిల్లలు. నాకూ అలాగే తోచింది. కాని పరీక్షించకుండా తీర్పు చెప్పవచ్చునా?

ముందు లోపల జరిగేదేమిటో చూద్దాం. మీటల కింద అడ్డంగా, నిలువుగా విద్యుత్తు ప్రవహించే సన్నని గీతలు వలలాగా ఉంటాయి. మీట నొక్కితే ఒక అడ్డగీత ఒక నిలువుగీతను తాకుతుంది. ఒక చిన్న చిప్పు ఈ వలను క్షణక్షణం తడిమి, ఏ మీట నొక్కారో కనిపెట్టి, దాని సంఖ్యను రేడియో తరంగాల ద్వారా పంపుతుంది. కంప్యూటరుకు గుచ్చిన గోరంత రిసీవరు దాన్ని అందుకుంటుంది. అది ఏ అక్షరమో తేల్చేది మాత్రం కంప్యూటరే. అందుకే ఇంగ్లీషు అక్షరాలున్న కీబోర్డుతో తెలుగూ రాయగలుగుతున్నాం.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ‘కె’ మీటకు “క”, ‘డి’ మీటకు పొల్లు వస్తాయి. షిఫ్టుతో ‘డి’ నొక్కితే “అ”. కనుక “అక్క” రాయడానికి షిఫ్టుతో డి, ఆ తరువాత కె, డి, కె నొక్కాలి. దారిలో పొల్లు ఒక్కటి జారిపోయిందా, “అక్క” కాస్తా “అకక” అవుతుంది! తప్పు చేసింది అమ్మాయి వేలా, దారా? అదే తేల్చాలి.

ఈ కీబోర్డు తరంగాల పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. కాంతి వేగాన్ని దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. వైఫై వాడే తరంగాలలోనూ ఇవి ఉన్నాయి. ఇనుప రేకు వీటిని తిప్పికొడుతుంది. నీరు వీటిని పీల్చుకుంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే గనుక మనుషులూ కొంత అడ్డే.

మేము పెట్టిన పరీక్ష ఇది. కంప్యూటరుకు ఒక మీటరు దూరంలో ఆ అమ్మాయే “అక్క” అని 50 సార్లు కొట్టింది. ఒక్కటీ తప్పలేదు. ఆమె బెంచీ నుంచి కొడితే చాలా తప్పులు వచ్చాయి. అంటే వేలు తప్పు కాదు! తరువాత ఒకసారికి ఒక్క మార్పే చేశాం. బ్యాటరీలు మార్చాం, ఫలితం లేదు. అప్పుడు చూస్తే కంప్యూటరు పెట్టె ఇనుప బీరువా చాటున ఉంది, రిసీవరు దాని వెనుకవైపు ఉంది! మీటరు పొడవు యూఎస్‌బీ తీగ కలిపి రిసీవరును బల్లమీదికి తెచ్చాం. 50కి 50 సరిగ్గా వచ్చాయి. ఒకేసారి రెండూ మార్చి ఉంటే అసలు కారణం తెలిసేదే కాదు.

ఇక టచ్‌ప్యాడ్. దాని కింద కూడా విద్యుత్ గీతల వల ఉంటుంది. వేలు ఆనగానే అక్కడి విద్యుదావేశం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి వేలు ఎక్కడుందో చిప్పు లెక్కగడుతుంది. పొడి వేలితో, చెమట వేలితో, ప్లాస్టిక్ స్కేలుతో తాకి చూడండి. స్కేలుకు అది పలకదు. తడివేలికి బాణం తడబడవచ్చు. మన సముద్రతీరపు ఉక్కలో ఇది ముఖ్యమైన పరీక్షే. రాసేటప్పుడు అరచేయి తగిలి బాణం ఎగిరిపోతోందేమో కూడా గమనించండి. పది నిమిషాలు ఊరక ఉంచి, మళ్ళీ కొట్టినప్పుడు మొదటి అక్షరం పోతోందేమో చూడండి. బ్యాటరీ ఆదా కోసం కీబోర్డు నిద్రపోతుంది మరి!

మన చేతనైన పరీక్షకు అందనిది ఒకటుంది. గాలిలో పోయే అక్షరాలను ఇతరులూ వినవచ్చు. కొన్ని చవక కీబోర్డులు అక్షరాలను రహస్యలిపిలోకి మార్చకుండానే పంపుతున్నాయని 2016లో అమెరికాలోని బాస్టిల్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. అందుచేత పెట్టెమీద ‘ఎన్‌క్రిప్షన్’ అన్న మాట కోసం వెతకండి. అది లేకపోతే పాస్‌వర్డులు ఆ కీబోర్డుతో కొట్టకండి.

కీబోర్డును మేము తిరిగి ఇవ్వలేదు. మర్నాడు ఆ అమ్మాయి తన బెంచీ నుంచే ఓమ్ నియమం లెక్క చేసింది. ఒక మెట్టులో తప్పు పోయింది. ఈసారి ఆ తప్పు కీబోర్డుది కాదని తనే నవ్వుతూ ఒప్పుకొని, దిద్దుకుంది.