తాతగారి వాచీ విలువ

పెద్దల నుంచి పిల్లలకు వచ్చే వస్తువుల్లో చేతి వాచీ తీరే వేరు. పొలం వస్తే అన్నదమ్ములు గట్లు వేసుకుని పంచుకుంటారు. బంగారం వస్తే కరిగించి కొత్త నగలు చేయించుకుంటారు. వాచీని ముక్కలు చేసి పంచుకోలేరు, కరిగించుకోలేరు. అది ఒక్కరి చేతికే చేరుతుంది, ఉన్నది ఉన్నట్టుగానే చేరుతుంది. బజారులో దానికి పెద్ద ధర పలకదు. అయినా అమ్మడానికి మనసొప్పదు.

తెలుగు ఇళ్లలో ఇలా మిగిలిన పాత వాచీల్లో చాలావరకు హెచ్‌ఎంటీవే. ప్రభుత్వ రంగంలో 1953లో మొదలైన హిందుస్థాన్ మెషిన్ టూల్స్, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ చేపట్టింది. జనతా, పైలట్, కోహినూర్, ఆడవాళ్ల కోసం చేసిన సుజాత ఊరూరా తెలిసిన పేర్లయ్యాయి. ఆ రోజుల్లో వాచీ కొనడమంటే ఇంట్లో ఒక విశేషం. పిల్లవాడు పరీక్ష పాసయితేనో, మొదటి జీతం అందుకుంటేనో కొనేవారు. పెళ్లిలో అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు వాచీ కూడా పెట్టేవారు. పదవీ విరమణ రోజున తోటి ఉద్యోగులు తలా ఇంత వేసుకుని వాచీ బహూకరించేవారు. అంటే వారసుడికి చేరేనాటికే ఆ వాచీకి ఒక తేదీ, ఒక సందర్భం, ఇచ్చినవారి పేరు ఉండేవి.

చేతికి వచ్చిన రోజు నుంచి వాచీ మనిషి ఒంటిమీదే బతుకుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు రోజూ అదే మణికట్టు మీద ఉంటే గుర్తులు పడకుండా ఉండవు. ఎండకూ తేమకూ తెల్లటి డయలు లేత పసుపురంగుకు తిరుగుతుంది. బల్ల అంచుకు తగిలి గ్లాసు మీద గీతలు పడతాయి. తోలు బెల్టుకు ఎన్ని రంధ్రాలున్నా రోజూ పెట్టుకునే ఒక్కటే సాగి, పెద్దదై ఉంటుంది. తండ్రి చెయ్యి ఎంత లావుండేదో కొడుక్కి ఆ రంధ్రమే చెబుతుంది.

కీ ఇచ్చే వాచీకి మరో గుణం ఉంది. దానికి బ్యాటరీ ఉండదు. పక్కనున్న కీ తిప్పినప్పుడు లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతూ ఆ వేగాన్ని అదుపులో ఉంచుతుంది. జనతా వాచీలో గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు అయిదు. పూర్తిగా కీ ఇస్తే ఒక రోజుకు పైగా నడుస్తుంది. అందుకే ఎంతో మంది పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, వాచీకి కీ ఇచ్చి బయల్దేరేవారు. ఆ వాచీ అందుకున్నవారు తాము ఎన్నో ఏళ్లు చూసిన ఆ పనినే ఇప్పుడు తమ వేళ్లతో చేస్తారు. గోడమీది ఫొటోను చూడగలం గానీ, దానితో కలిసి చేసే పనంటూ ఏమీ ఉండదు. వాచీతో ఉంటుంది.

అదే మోడల్ కొత్తది తెచ్చి ఇస్తే మనసు ఎందుకు ఊరుకోదన్న దానికి మనస్తత్వ శాస్త్రంలో కొంత జవాబు దొరుకుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వస్తువులకు అచ్చు నకలు తీసే యంత్రమని చెప్పి చిన్న పిల్లలకు ఒక పెట్టెను చూపించారు. మామూలు బొమ్మలకు నకలు వస్తే పిల్లలు సరేనన్నారు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే దుప్పటి, బొమ్మ విషయంలో మాత్రం ఎక్కువమంది తమ పాతదే కావాలన్నారు. కొందరు దాన్ని పెట్టెలో పెట్టడానికే ఒప్పుకోలేదు. కంటికి రెండూ ఒకటే అయినా, తమతో గడిపిన కాలం నకలులో లేదన్నది వాళ్ల లెక్క. పెద్దలకూ వాచీ విషయంలో అదే లెక్క.

ఈ అనుబంధాన్ని నిలబెట్టే మనిషి వాచీల మెకానిక్. పాత వాచీ వెనక మూత తీసి లోపలివైపు భూతద్దంతో చూస్తే, కొన్నిసార్లు సూదిమొనతో గీసిన చిన్న అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. సర్వీసింగ్ చేసినప్పుడల్లా మెకానిక్‌లు వేసుకున్న గుర్తులవి. ఆ వాచీని ఎన్నిసార్లు బాగుచేయించుకున్నారో అక్కడే తెలిసిపోతుంది.

వారసత్వంగా వచ్చిన వాచీని నడిపించాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నదానికి వెంటనే కీ ఇవ్వకూడదు. లోపలి నూనె ఎండిపోయి ఉంటుంది, నడిస్తే చక్రాలు అరుగుతాయి. ముందు శుభ్రం చేయించాలి. స్ప్రింగు, గ్లాసు, బెల్టు మార్చినా వాచీ వాచీగానే ఉంటుంది. కానీ డయలుకు కొత్త రంగు వేయించినా, కేసు అరగదీసి మెరుగు పెట్టించినా దాన్ని పెట్టుకున్న మనిషి గుర్తులు చెరిగిపోతాయి. బెల్టు మార్చినప్పుడు పాతదాన్ని పారేయకుండా దాచుకోవచ్చు. బ్యాటరీ వాచీ అయితే, వాడనప్పుడు బ్యాటరీ తీయించాలి, లేకపోతే అది కారి లోపలి భాగాలు పాడవుతాయి. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అందువల్ల పాత మోడళ్ల విడిభాగాలకు మెకానిక్‌లు తరచుగా మరో పాత వాచీని విప్పాల్సి వస్తుంది.

వాచీతో పాటు దాని కథ కూడా చేతులు మారాలి. ఎవరు కొన్నారు, ఏ సందర్భంలో, ఎవరెవరు పెట్టుకున్నారు అన్నది తెలిసినవారు పోతే, మిగిలేది ఒక పాత యంత్రమే. ఒక చీటీ మీద ఆ నాలుగు మాటలు రాసి డబ్బాలో పెడితే చాలు. వీలైతే పెద్దలు బతికుండగానే, తమ చేతులతో పిల్లల చేతికి కట్టి ఇవ్వడం మేలు. అప్పుడు ఆ ఇచ్చిన రోజు కూడా వాచీ కథలో చేరుతుంది.